గేటు తెరిచే ముందు బండ్ల కింద చూడాలి

మీలో ఎవరికైనా క్యాంపు గేటు దగ్గర పని దొరికితే, మొదటి రోజు చేతికి చీపురు ఇస్తారు. ఊడ్వడమే పని అంటారు. నాకూ అట్లనే చెప్పారు. 2009లో ఎల్లారెడ్డి అవతల సాయుధ పోలీసుల క్యాంపులో నేను చేరింది ఊడ్చే పనికే. అప్పటిదాకా లింగంపేటలో ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టాను. వేళ్లు వంకర పోయి ఆకు తెగడం మానేశాక, తెలిసినవాళ్లు చెబితే ఇటు వచ్చాను. 2014లో క్యాంపు ఎత్తేసేదాకా ఉన్నాను. ఊడ్చింది తక్కువ. నేను అసలు చేసిన పనికి పేరు లేదు. పేరు లేని పనిని ఎవరూ నేర్పరు. అందుకే రాస్తున్నాను.

మైదానంలో ఇండ్లు

ఒకప్పుడు ఆ క్యాంపు నిండా మనుషులు ఉండేవారట. నేను చేరేనాటికి బలగం సగం అయింది. వెనుక మైదానం ఖాళీగా పడి ఉండేది. చుట్టూ ఎత్తు గోడ, మూల మీద ఇసుక బస్తాల మంచె, ముందు పెద్ద ఇనుప గేటు. గేటు పక్కన మనుషులు పోయి వచ్చేందుకు చిన్న దిడ్డి.

ఆ మైదానంలో సాయంత్రాలు బండ్లు వచ్చి ఆగేవి. మామూలు బండ్లు కావు, మనుషులు కాపురం ఉండే బండ్లు. వరి కోతలకు పంజాబు నుంచి హార్వెస్టర్లు వచ్చేవి. మిషన్ ముందు, దాని వెనుక లారీ. ఆ లారీలోనే బియ్యం, పిండి, పొయ్యి, దుప్పట్లు, అద్దం, అన్నీ. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్లు పెళ్లాం పిల్లలతో లారీలో దిగేవారు. రోడ్డు పక్కన ఆగితే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు, ట్యాంకులో డీజిల్ ఉండదు, ఆడపిల్లలకు కంటి మీద కునుకు ఉండదు. క్యాంపు లోపలైతే గోడ ఉంది, తుపాకీతో సంత్రీ ఉన్నాడు. ఏ సారు ఎప్పుడు మొదలుపెట్టాడో తెలియదు కాని, అడిగినవాళ్లకు ఒక రాత్రి ఆగనిచ్చే అలవాటు అక్కడ పడింది. కాగితం లేదు. దీపాలు పెట్టే వేళకు లోపలికి రావాలి. అప్పుడు పెద్ద గేటుకు గొలుసు వేసి తాళం వేస్తారు. తెల్లారాక తీస్తారు. అంతే.

ఆ ఐదేండ్లలో ముగ్గురు ఇన్‌స్పెక్టర్లను చూశాను. ఒకాయనకు ఈ బండ్లంటే చిరాకు. కొలిమి పెట్టుకుని తిరిగే రాజస్థాన్ కమ్మరోళ్లు ఒకసారి వస్తే, మైదానం మురికి అవుతుందని వానలో బయటికి పంపాడు. ఆ మురికి ఊడ్చేది నేను. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఉండనియ్యి సారూ అనేదాన్ని. పెద్దవాళ్లలో చెడ్డవాళ్లకంటే అడగనివాళ్లే ఎక్కువ అని అక్కడే నేర్చుకున్నాను.

వంగి చూడడం

నేను చేరిన మొదటి కోతల్లోనే ఒక సంగతి జరిగింది. ఎండాకాలం. లారీ మీద ఉక్కగా ఉందని ఒక కూలీ కిందికి దిగి, వెనుక చక్రం పక్కన గోనె పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారి డ్రైవరు తొందరగా బండి వెనక్కి తీశాడు. ఆ మనిషి కాలు పోయింది.

అప్పటి ఇన్‌స్పెక్టర్ సారు మంచివాడు. డ్రైవరును కొట్టలేదు, బండ్లను వెళ్లగొట్టలేదు. నన్ను పిలిచాడు. "సాయవ్వా, రేపటి సంది నువ్వు అన్ని బండ్ల కింద చూసి సరే అంటేనే గేటు తీస్తరు. నువ్వు అనకపోతే నేనొచ్చి చెప్పినా తియ్యొద్దు" అన్నాడు. గేటు తాళంచెవి ఆయుధాల గదిలో పెట్టించాడు. ఆ గది చూసుకునే హెడ్డు కానిస్టేబులు తప్ప దాన్ని ఎవరూ ముట్టేవారు కాదు. ఎవడో డ్రైవరు సంత్రీకి చాయ్ తాపి ముందే గేటు తీయించుకోకుండా చేసిన ఏర్పాటు అది.

ఆ రోజు నుంచి అదే నా పని. కోడి కూసే వేళకు కట్టె, టార్చి పట్టుకుని బండి బండికీ వంగేదాన్ని. కానిస్టేబుళ్లు నవ్వేవారు. సాయవ్వ దేవుళ్లందరినీ వదిలేసి లారీలకు మొక్కుతున్నదని ఒకడు, అవ్వకు మొక్కు తీరితే మనకూ ప్రసాదం పెడుతుందని ఒకడు. నేనూ నవ్వేదాన్ని. నడుము నొప్పికి నవ్వే మందు.

చూడడం అంటే కళ్లతో చూడడం కాదని చెరుకు కోతలవాళ్లు నేర్పారు. ఒక పొద్దున లారీ కింద అంతా చూశాను, ఎవరూ లేరు. సరే అనబోతుంటే ఎక్కడో పసిపిల్ల మూలిగినట్టయింది. మళ్లీ వంగాను. లారీ అడుగున, రెండు ఇనుప కమ్మీల నడుమ పాత చీర కట్టి ఉయ్యాల వేశారు. నేల మీద ఏమీ లేదు కాబట్టి నా కంటికి ఆనలేదు. ఆ తల్లి నీళ్లకు పోయింది. అప్పటి నుంచి కింద చూడడంతోపాటు పైన కట్టెతో తడిమేదాన్ని. ఆ పిల్ల తల్లి నన్నేమీ మెచ్చుకోలేదు. చీర విప్పుకుంటూ, నిద్ర లేపావు, ఇప్పుడు ఎవరు పడుకోబెట్టాలని కసురుకుంది. ఆమె కసిరినా నాకు బాగానే అనిపించింది.

నరేందర్ నేర్పిన అక్షరాలు

సంత్రీల్లో నరేందర్ అని రాజంపేట పిల్లవాడు ఉండేవాడు. కొత్తగా నౌకరిలో చేరాడు. ఇంట్లో మొదటి సర్కారు కొలువు అతనిదే. తండ్రి ఎడ్లు అమ్మి చదివించాడని చెప్పేవాడు. బండి లోపలికి వచ్చినప్పుడు వెనుక రాసింది చదివి నాకు చెప్పేవాడు. ఒకరోజు, అవ్వా, ఎన్నాళ్లు నేను చదవాలె, నువ్వే చదువుకో అన్నాడు. గేటు గది గోడ మీద బొగ్గుతో రాసి చూపించేవాడు. అప్పటికి నా మనవరాలు బడికి పోతోంది. నేను సిగ్గుపడ్డాను. అతను వదలలేదు. బీడీలు చుట్టిన వేళ్లతో సుద్దముక్క పట్టుకోవడం కష్టమైంది. రెండు కోతలు తిరిగేసరికి బండి మీద పేరు కూడబలుక్కుని చదవగలిగాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ మాటలన్నీ అతను పెట్టిన భిక్షే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో నేను ఎవరి మొహం చూశానో మీకు తెలియాలి.

ఫౌజీ అన్న

మద్నూర్ దిక్కు నుంచి ఒక పాత మెటడోర్ వ్యాను వచ్చేది. దాన్ని నడిపే ఆయన మిలటరీలో చేసి దిగాడు. అందరూ ఫౌజీ అన్న అనేవారు. వ్యానులో వెనుక మంచం, అడ్డంగా తెర, తెర ఇవతల వెల్డింగు సామాను, గ్యాసు సిలిండర్లు. హార్వెస్టర్ ఎక్కడ విరిగితే అక్కడికి పోయి అతికేవాడు. కోతలు ఎటు పోతే వ్యాను అటు. నిజాంసాగర్ కాలువల కింద మొదలుపెట్టి మెల్లగా ఇటు దిగేవాడు. మిలటరీలో ఉన్నప్పుడు దారిలో కంటోన్మెంటు కనబడితే లోపలికి పోయి బండి పెట్టుకుని నిశ్చింతగా పడుకునేవాళ్లమని, ఆ అలవాటుతోనే మా గేటు ముందు ఆగానని మొదటిసారి చెప్పాడు. లోపలికి వచ్చి వ్యాను గోడకు సమానంగా, గీత గీసినట్టు పెట్టేవాడు. మిగతా డ్రైవర్లు అడ్డదిడ్డంగా పెడితే వాళ్ల బండ్లు కూడా సరిచేయించేవాడు. హార్వెస్టర్ల సర్దార్లు అతన్ని కర్నల్ సాబ్ అని ఆటపట్టించేవారు.

ఆయన భార్య గోదాబాయి. ఆమె మాట కటువు. పని మాత్రం ఆయనకు సమానంగా చేసేది. నల్ల అద్దాలు పెట్టుకుని గ్యాస్ కట్టర్ పట్టుకుంటే ఇనుము ఆమె చెప్పినట్టు వినేది. నన్ను అక్కా అనేది. పొద్దున్నే నేను వ్యాను కింద వంగితే లోపల నుంచి రేకు మీద తట్టి, కింద ఎవరూ లేరక్కా, ఇద్దరం ఈడనే ఉన్నం, ఆయన గురక వినబడట్లేదా అనేది.

బందు రోజు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఏడు అది, బందులు ఎక్కువ. బందు రోజు రోడ్డెక్కిన బండికి ఏమైనా కావచ్చు. అందుకని ముందు రోజు సాయంత్రానికే మైదానం నిండిపోయేది. అప్పటికి మంచి సారు బదిలీ మీద పోయి వేరే ఆయన వచ్చాడు. తెల్లవారకముందే బలగమంతా బందోబస్తుకు కామారెడ్డి వైపు పోయింది. క్యాంపు బండ్లన్నీ వాళ్లతోనే పోయాయి. హెడ్డు పోతూ పోతూ పెద్ద గేటు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మరిచిపోయి కాదు. ఎవరైనా డ్రైవరు తొందరపడి బయటికి పోయి బండి తగలబెట్టించుకుంటాడని, సాయంత్రందాకా ఎవరూ కదలొద్దని, మంచికే వేసుకున్నాడు. గేటు మీద నరేందర్ ఒక్కడే.

నేను టార్చి పట్టుకుని రెండో వరుసలో ఉన్నాను. గోదాబాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన కుడి చేయి లేవడం లేదని, మూతి ఒక పక్కకు పోయిందని, మాట ముద్దముద్దగా వస్తోందని చెప్పింది. పోయి చూశాను. మంచం మీద కూర్చునే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

సర్దార్లలో ఒక డ్రైవరు వచ్చి, వ్యాను నేను నడుపుతాను, ముందు తెల్ల గుడ్డ కడదాం, రోగిని చూస్తే ఎవరైనా వదులుతారు అన్నాడు. ఇంజన్ స్టార్టు చేసి గేటు దాకా తెచ్చాడు కూడా. గేటుకు గొలుసు. తాళంచెవి హెడ్డు జేబులో, హెడ్డు కామారెడ్డిలో.

నరేందర్ ఫోను చేశాడు. హెడ్డు, మోటార్ సైకిల్ మీద మనిషిని పంపుతున్నా, గేటు ముట్టొద్దు అన్నాడు. 108కి చేశాం. బయలుదేరుతున్నాం, కాని లింగంపేట దగ్గర రోడ్డు మీద చెట్లు కొట్టి పడేశారు, చుట్టూ తిరిగి రావాలి అన్నారు.

గోదాబాయి ఇంక ఎవరినీ అడగలేదు. వ్యానులోకి ఎక్కి గ్యాసు పైపు లాగింది. కట్టర్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నల్ల అద్దాలు పెట్టుకుంది. గొలుసు తెగడానికి ఎంతసేపు? ఆమె చేతికి అది నిమిషం పని.

నరేందర్ గొలుసు ముందుకు వచ్చి నిలబడ్డాడు. తుపాకీ భుజానికే ఉంది, తీయలేదు. చేతులు జోడించాడు. "అమ్మా, క్యాంపు గేటు కోస్తే నా నౌకరి ఉండదు. జెర ఆగు. తాళంచెవి వస్తున్నది."

"ఆయన ఉండకుంటే నాకు నీ నౌకరి ఎందుకు బిడ్డా? జరుగు."

అతను జరగలేదు. అప్పుడు వ్యానులో నుంచి ఫౌజీ అన్న పిలిచాడు. మాట సరిగా రావడం లేదు కాని గొంతు ఎప్పటిలాగే ఉంది, వరుస సరిచేయించే గొంతు. "గోదా. కొయ్యొద్దు. సంత్రీ ఉన్నడు." ఊపిరి తీసుకున్నాడు. "పోరని నౌకరి పోతది. కొయ్యొద్దు."

సర్దారు స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. మిషన్లవాళ్లు, చెరుకు కూలీలు, అందరూ తలలు దించుకున్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. చావు ముందు కూడా ఇంకొకరి పిల్లవాడి కొలువు గురించి ఆలోచించిన మనిషి అని అందరం లోపల దండం పెట్టుకున్నాం. గోదాబాయి ఒక్కతే కట్టర్ పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది.

నేను పోయి ఆమె భుజం మీద చేయి వేశాను. "ఆయన వద్దంటున్నడు గదా చెల్లె. ఆగుదాం" అన్నాను.

ఆమె సిలిండర్ వాల్వు కట్టేసింది.

ఆయన్ను మంచంతో సహా దిడ్డిలో నుంచి బయటికి తెచ్చి రోడ్డు పక్కన పెట్టాం. ఎండ పడకుండా సర్దారు తన తలపాగా గుడ్డ విప్పి పట్టుకున్నాడు. ఎండ బాగా ముదిరాక 108, తాళంచెవి తెచ్చిన మోటార్ సైకిల్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కామారెడ్డి దవాఖానలో ప్రాణం నిలిపారు. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. గేటు దగ్గర అన్న ఆ మాటలే ఆయన ఆఖరి మాటలు.

ముందే తెస్తే బాగయ్యేదా అని డాక్టరును నేనే అడిగాను. చెప్పలేం అన్నాడు. అవునని చెప్పినా, కాదని చెప్పినా ఇంత బరువు ఉండేది కాదు.

తర్వాత ఎవరేమన్నారు

ఇన్‌స్పెక్టర్ సారు నరేందర్‌ను మెచ్చుకున్నాడు. పరేడులో ముందుకు పిలిచి, ఒత్తిడిలోనూ గేటు నిలబెట్టిన జవాను అని చెప్పి బహుమతి ఇప్పించాడు. నరేందర్ ఆ రోజు అన్నం తినలేదు. గేటు గదికి వచ్చి, అవ్వా, నన్ను నౌకరి నుంచి తీసేస్తే మంచిగుండు అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పాను. తర్వాత వేరే చోటికి బదిలీ చేయించుకున్నాడు.

నేను సారు దగ్గరికి పోయి ఒక మాట అడిగాను. గేటు తాళంచెవి ఇంకొకటి గేటు గదిలోనే ఉండనీయమన్నాను. ఆయన నవ్వి, ఊడ్చే ఆమె చేతికి క్యాంపు తాళం ఇయ్యాల్నా అన్నాడు. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. నేను ఇంకోసారి అడగలేదు. అడగాల్సింది. నవ్వులకు జంకి బయటికి వచ్చేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బండ్ల కింద చూసే నియమం మంచిది. ఒక మనిషి కాలు పోయి పుట్టిన నియమం అది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండే నియమం కూడా మంచికే పుట్టింది. హెడ్డు మంచికే జేబులో వేసుకున్నాడు. నరేందర్ మంచివాడు. ఫౌజీ అన్న అందరికంటే మంచివాడు. మంచివాళ్లందరూ కలిసి గేటు మూసి ఉంచారు. ఆ రోజు అక్కడ కటువుగా మాట్లాడింది ఒక్క గోదాబాయే. ఆమె ఒక్కతే మనిషి వైపు ఉంది. రోగి గొప్ప మాట అన్నాడని రోగి మాట వినకండి. ఆ సమయానికి ఆయన తన చేయి ఎత్తలేని స్థితిలో ఉన్నాడు. పక్కన నిలబడి అరిచే మనిషిని చూడండి.

ఇది రాసేటప్పుడు కూడా నరేందర్ కొలువు పోయి ఉంటే ఏం రాసేదాన్నో నాకు తెలియదు. ఎడ్లు అమ్మిన అతని తండ్రి మొహం నా కళ్ల ముందు తిరిగింది ఆ రోజు. అబద్ధం ఎందుకు, గోదాబాయి భుజం మీద చేయి వేసినప్పుడు నాకు ఆ పిల్లవాడే కనబడ్డాడు.

మద్నూర్ అవతల

క్యాంపు ఎత్తేశాక ఒకరోజు బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. ఫౌజీ అన్న మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఎడమ చేయి కదిలించాడు. వ్యాను అమ్మేశారట. గోదాబాయి ఊళ్లోనే నాగళ్లు, తలుపులు అతుకుతోంది. జుట్టు తెల్లబడింది. చాయ్ పెట్టి నా ముందు కూర్చుంది. కోతలు, పిల్లలు, నా నడుము, అన్నీ అడిగింది. తర్వాత, వంటింట్లో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి అడిగింది.

"అక్కా, ఆ దినం నువ్వు నా దిక్కున్నవా, ఆయన దిక్కున్నవా?"

ఆయన వింటున్నాడు. అయినా చెప్పాను. "ఎవ్వల దిక్కు లేను గోదా. గేటు దిక్కున్న."

ఆమె ఇటు తిరిగింది. "గేటు ఉన్నదా ఇంకా?"

"తీసేసిండ్రు. గోడ కూడ కూలగొడుతున్నరు."

ఇంకేమంటుందోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆమె చాయ్ గ్లాసు నా చేతిలో నుంచి తీసుకుని కింద పెట్టింది. ఆయన్ను పక్కకు తిప్పే వేళయింది, లేకపోతే వీపు పుండ్లు పడుతుందని చెప్పి లేచింది. మంచం తల వైపు నిలబడి రెండు చేతులూ ఆయన భుజాల కింద పెట్టింది.

"కాళ్ల దిక్కు పట్టు" అంది.

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆయన్ను గోడ వైపు తిప్పాం.